మునిగిన గోడ దాటొచ్చిన నీళ్ళు ఎటు పోతాయి?

ఎడిటర్ గారికి నమస్కారం.

అంతర్వేది పల్లిపాలెం టీకొట్ల దగ్గర ఈమధ్య ఒకటే మాట. పుదుచ్చేరిలోలాగ మనకీ సముద్రంలో నీటిలోపల గోడ వేస్తే ఒడ్డు కోత ఆగిపోతుందని. నేను ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. గోదావరి గట్లకి రాళ్ళు వేయించడమే నా ఉద్యోగం, కాబట్టి రాయంటే నాకేం పడకపోవడం కాదు. కానీ రివిట్‌మెంట్ (గట్టుకి వేసే రాతి కట్టుబడి) ఆగిన చోటి నుంచే లంక కోసుకుపోతుందని మా లంకల్లో చిన్నపిల్లలకీ తెలుసు. సముద్రంలో వేసే గోడకీ చివర్లుంటాయి.

అల ఆ గోడ మీద విరిగి, జోరు తగ్గి ఒడ్డుకొస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. గోడ దాటి లోపలికొచ్చిన నీళ్ళు మళ్ళీ బయటికి పోవాలి కదా. వెనకనుంచి అలలు తోస్తూనే ఉంటాయి. లోపల మట్టం కాస్త పెరిగి, నీళ్ళు ఒడ్డువెంబడి పరిగెత్తి గోడ చివర్ల నుంచీ, సందుల నుంచీ బయటపడతాయి. పోతూపోతూ ఇసుకని పట్టుకుపోతాయి. గోడ ఒడ్డుకి మరీ దగ్గరగా ఉంటే ఈ బెడద ఎక్కువ. అమెరికాలో, ఫ్లోరిడాలోని పామ్‌బీచ్‌లో 1990ల మొదట్లో కాంక్రీటు దిమ్మెలతో ఇలాంటిదే వేస్తే దాని వెనక ఒడ్డు ఇంకా తగ్గిపోయింది. 1995లో దిమ్మెలు పీకేశారు.

పుదుచ్చేరిలో 2018లో ఎన్‌ఐఓటీ (చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) డిజైన్‌తో స్టీలు కట్టడం ముంచిన మాట నిజమే. దాంతోపాటు హార్బర్ దగ్గర తవ్విన ఇసుకని తెచ్చి ఒడ్డున పోశారు. ఈ రెండో ముక్క టీకొట్టు దగ్గర ఎవరూ ఎత్తరు. మనకి పోయడానికి ఇసుకేదండీ? గోదావరి తేవాల్సిన దాంట్లో చాలావరకు ఎగువ డ్యాముల్లోనే ఉండిపోతోంది. కిందికి దిగిన కాస్తా ఏటి ఒడ్డున ఇసుక తవ్వే ర్యాంపుల్లో లారీలెక్కుతోంది.

తుపాను సంగతి ఇంకోటి. పోటు మీద ఉప్పెన కూడా తోడైతే గోడ మీద నీటి లోతు పెరిగి, పెద్ద అలలు విరక్కుండానే దాటొచ్చేస్తాయి. మనకి అసలు భయం ఆ రోజుల గురించే.

నైరుతి గాలులున్నన్నాళ్ళూ మన తీరాన ఇసుక కాకినాడ వైపు నడుస్తుంది. ఈశాన్యం మొదలైతే కొంత వెనక్కి తిరుగుతుంది. కాబట్టి ఏడాదంతా, రెండు కాలాల్లోనూ ఒడ్డుని కొలిచాకే డిజైన్ మాట ఎత్తాలి. మన గోడ వల్ల పక్క ఊరికి చేరే ఇసుక ఎంత తగ్గుతుందో లెక్కగట్టి, పనికి ముందే ఆ ఊరి గ్రామసభలో చెప్పాలి.

వేటకెళ్ళే వాళ్ళనీ అడగాలి. పాటు సమయంలో, చీకట్లో ఫైబర్ బోటు ఇంజను ఫ్యాను కనబడని రాళ్ళకి తగిలితే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? బోట్లకి దారి ఎక్కడ వదులుతారు, గోడ ఉన్న చోటు తెలిసేలా నీటిమీద తేలే లైటు బోయాలు ఎవరు చూసుకుంటారు అన్నవి కూడా ఎస్టిమేట్‌లోనే రాయించాలని అధికారులకు మీ పత్రిక ద్వారా మనవి.

– ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్, సఖినేటిపల్లి మండలం