పీసా దాకా వెళ్లి లుక్కా చూడకపోతే ఎలా?

సంపాదకుల వారికి నమస్కారం.

కిందటి ఆదివారం మీ అనుబంధంలో ఇటలీ యాత్ర మీద వేసిన వ్యాసం చదివాను. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, పీసా అన్నీ ఉన్నాయి. పీసా నుంచి రైల్లో అరగంట ప్రయాణమైన లుక్కా పేరు మాత్రం ఎక్కడా లేదు. పోయిన అక్టోబరులో నేనూ మా ఆవిడా ఆ ఊళ్లో ఒక రోజంతా గడిపాం. మనసాగక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు చేసి రిటైరయ్యాను. కాలవ గట్ల మీదే నా ఉద్యోగమంతా గడిచింది. స్టేషన్ దిగి రోడ్డు దాటగానే పచ్చిక, ఆ పచ్చిక అవతల ఊరి గోడ. గోడంటే సన్నగా నిటారుగా నిలబడ్డది కాదు. బయటివైపు ఎర్ర ఇటుక, లోపల మట్టి నింపిన పెద్ద కట్ట అది. పైన వెడల్పాటి దారి, దారి పొడవునా చెట్లు. చుట్టుకొలత 4 కిలోమీటర్ల పైచిలుకు. ఫిరంగి గుండ్లకు తట్టుకునేలా 16వ శతాబ్దంలో మొదలుపెట్టి 17వ శతాబ్దం నడిమికి పూర్తిచేశారు. ముందుకు పొడుచుకొచ్చిన బురుజులు 11 ఉన్నాయి. ఇంత కట్టాక దాని మీదికి శత్రువు రానేలేదు, ఏరు వచ్చింది. 1812లో సెర్కియో నది పొంగి చుట్టుపక్కల పొలాలను ముంచేసింది. అప్పుడు ఊరిని ఏలుతున్నది నెపోలియన్ చెల్లెలు ఎలీసా. ఊరి ద్వారాలు మూసేసి వరదను గోడ బయటే ఆపారు.

2024 సెప్టెంబరులో ఇక్కడ విజయవాడలో బుడమేరు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు మేమిద్దరం మేడ మీద మూడు రాత్రులు గడిపాం. లుక్కాలో ఆ పాత వరద సంగతి చెప్పగానే మా ఆవిడ ఆ ఇటుకల మీద చెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడిపోయింది. "ఇన్నేళ్లయినా ఎంత బాగా చూసుకుంటున్నారండీ" అంది. నాకు గొంతు పెగల్లేదు.

ఊరి చుట్టూ గోడ కట్టమని నేను అడగడం లేదు. వాళ్ల నేల వేరు, మన నేల వేరు. నాకు నచ్చింది ఇంకొకటి. 19వ శతాబ్దంలో ఆ గోడ పైభాగాన్ని జనం నడిచే దారిగా మార్చారు. టికెట్ లేదు. బడికి వెళ్లే పిల్లలు, చేతికర్ర పట్టుకున్న ముసలమ్మలు, సైకిళ్ల వాళ్లు, అందరూ దాని మీదే. ఊరంతా రోజూ నడిచే కట్టకు ఎక్కడ బీట పడినా ముందు ఆ నడిచేవాళ్ల కంట పడుతుంది. మా శాఖలో ఇప్పుడున్న కుర్రవాళ్లు ఈ మాట చదవాలని నా కోరిక.

మధ్యాహ్నం సాన్ మార్టీనో చర్చికి వెళ్లాం. అక్కడ ఇలారియా అనే ఆవిడ సమాధి ఉంది. ఊరి ప్రభువు పావొలో గ్వినీజీ భార్య. 1405లో, కాన్పు తరవాత చిన్న వయసులోనే పోయింది. యాకొపో దెల్లా క్వెర్చా అనే శిల్పి ఆమెను పాలరాతిలో చెక్కాడు. మెడ దాకా మూసిన ఎత్తు కాలరు, పాదాల దాకా జారిన కుచ్చెళ్లు, చేతులు పొట్ట మీద. పాదాల దగ్గర చిన్న కుక్క, మెడ ఎత్తి ఆమె ముఖంలోకి చూస్తూ. "ఏమండీ, లేస్తుందేమోనని చూస్తోంది పాపం" అని మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. మా పెద్దమ్మాయి పురుడు కష్టమైన రాత్రి మా ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. ఆ కబురు పైకి అనుకోలేదు.

రోమన్ల కాలపు ఆటస్థలం శిథిలాల మీదే ఇళ్లు కట్టుకున్న కోడిగుడ్డు ఆకారపు చౌకు ఒకటుంది, తప్పక చూడాలి. పైన ఓక్ చెట్లు పెరిగిన గ్వినీజీ గోపురం కూడా. దానికి రెండొందల పైన మెట్లు. మా ఆవిడ మోకాళ్లకు పడవని తనను కింద కూర్చోబెట్టి నేనొక్కణ్నే ఎక్కాను. పైనుంచి చూస్తే ఎర్ర పెంకుల ఊరు, దాని చుట్టూ పచ్చటి చెట్ల వరస, అదే గోడ. కిందికి వచ్చేసరికి తను బుచ్చెల్లాతో అనే రొట్టె కొని ఉంచింది. కిస్‌మిస్, సోంపు వాసన. అది తింటూ పొద్దున సగం తిరిగిన గోడను సాయంత్రం పూర్తిచేశాం. బురుజు బురుజుకీ ఆగి బెంచీ మీద కూర్చుంటూ నడిచాం కాబట్టి తనకు నొప్పి రాలేదు.

పిల్లల దగ్గరికి యూరప్ వెళ్లే అమ్మానాన్నలు మన దగ్గర చాలామంది. వాళ్లలో చాలామందిని బృందాలతో పంపితే పీసా గోపురం ముందు ఫొటో తీయించి బస్సెక్కించేస్తున్నారు. మా బావగారికి అలాగే జరిగింది. ఆ ఒక్క పూటతో సరిపెట్టకుండా రైలెక్కమని వాళ్లకు మీ పత్రిక చెబితే వింటారు. అనుబంధంలో మళ్లీ ఇటలీ గురించి వేసేటప్పుడు లుక్కాకు ఒక పేరా ఇవ్వండి. ఇలారియా బొమ్మ ఉన్న పోస్టుకార్డు మా ఆవిడ దాచుకుంది. అచ్చుకు కావాలంటే పంపిస్తానంటోంది, తిరిగి ఇచ్చేస్తామని మాటిస్తే.

— ఒక విశ్రాంత ఇంజినీరు, సింగ్‌నగర్, విజయవాడ