డుగాంగ్ పటం ధర ఎందుకు పెంచుతున్నామంటే

వచ్చే నెల నుంచి మా దుకాణంలో డుగాంగ్ పటం, అంటే డుగాంగ్ అనే సముద్ర జంతువు బొమ్మ గీసిన చేర్యాల గుడ్డ పటం, ధర పెరుగుతుంది. చిన్నది 1,400 నుంచి 1,650 రూపాయలకు పోతుంది. డుగాంగ్ కథను గడులు గడులుగా చెప్పే పొడుగు కథాపటం ధర ముట్టుకోవడం లేదు, అది ఇప్పటికే ఎక్కువని నాకే అనిపిస్తుంది.

కారణం కుంచె. సన్నగీతకు ఉడుత వెంట్రుకల కుంచె వాడటం చేర్యాల నకాషీల్లో, అంటే ఈ పటాలు గీసే చిత్రకారుల్లో, తరాల నుంచి ఉన్నదే. దేవుళ్ల పటాలు అమ్మినన్నాళ్లూ దాని ఊసెవరూ ఎత్తలేదు. డుగాంగ్ పటం పెట్టాక, యూనివర్సిటీలో చదివే ఒకమ్మాయి అడిగింది: "ఒక జంతువును కాపాడమనే బొమ్మకు ఇంకో జంతువు వెంట్రుకలా అన్నా?" అడగాల్సిన మాటే. ఇప్పుడు ఈ పటాలన్నీ సింథటిక్ కుంచెతోనే గీయిస్తున్నాం. అది రంగును అంతగా పట్టి ఉంచదు, మాటిమాటికీ ముంచాలి. పనికి ఎక్కువ సేపు పడుతుంది, కాబట్టి కూలి పెంచాను. కంటి చుట్టూ గీత కాస్త లావుగా వస్తోంది. నాకైతే పాత గీతే అందం. అయినా వెనక్కి పోను.

పటంలో సముద్రం ఎర్రగెందుకుందని చాలామంది అడుగుతున్నారు. చేర్యాల పటానికి నేల, అంటే బొమ్మల వెనక రంగు, ఎరుపే. నీలం వేయించి చూస్తే బడిలో వేలాడే చార్టులా తేలింది. ఎరుపే ఉంటుంది. "బర్రె లెక్కున్నది" అన్నవాళ్లతో నాకు పేచీ లేదు, అదీ మేసేదే.

డుగాంగ్ సముద్రం అడుగున మొలిచే గడ్డి మేస్తుంది, రోజుకు 40 కిలోల దాకా. ఊపిరి కోసం కొన్ని నిమిషాలకోసారి పైకి రావాలి. చేపల వలలో చిక్కితే రాలేదు, నీళ్లలోనే ఊపిరాడక పోతుంది. తల్లి ఏడాదికి పైగా మోసి ఒక్క పిల్లను ఈనుతుంది, మళ్లీ ఈనడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఒక్కటి పోయినా ఆ లోటు తొందరగా పూడదు. మన్నార్ సింధుశాఖ, పాక్ బే, కచ్, అండమాన్ అన్నీ కలిపినా మన దేశంలో మిగిలినవి కొన్ని వందలే. దీని చుట్టమే స్టెల్లర్ సముద్రపు ఆవు. దాన్ని 1741లో కనుగొన్నారు, 1768కల్లా వేటాడి తుడిచిపెట్టేశారు.

కథాపటం ఆఖరి గడిలో మాత్రం ఏడుపు వద్దన్నాను. వల కోసి డుగాంగ్‌ను వదిలేస్తున్న జాలరులుంటారు. అది కల్పన కాదు. అలా వదిలినవాళ్లకు తమిళనాడు అటవీశాఖ బహుమతులిచ్చింది. పాక్ బేలో 448 చదరపు కిలోమీటర్లను 2022లో డుగాంగ్ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది కూడా ఆ రాష్ట్రమే. దేశంలో అది మొదటిది.

ఇక పైసల సంగతి. పటం కొంటే డుగాంగ్ బతుకుతుందా అంటే, బతకదు. మీరిచ్చేది నకాషీ కూలికి, ఖాదీ గుడ్డకు, దానికి పూసే సుద్దకూ చింతగింజల పిండికీ, నా దుకాణం కిరాయికీ పోతుంది. ఏ సంస్థకూ పోదు. "కొనండి, ఒక ప్రాణం నిలపండి" అని ట్యాగు కొట్టించమని ఒక దోస్తు సలహా ఇచ్చాడు. గిరాకీ పెరిగేదేమో, కొట్టించలేదు. పటం పుట్టిందే ఊరూరా విప్పి కథ చెప్పడానికి. గోడ మీద చూసి ఇదేం జంతువని మీ చుట్టాలడిగితే చెప్పడానికి వీలుగా, కథ అచ్చేసిన కాగితం ప్రతి పటంతో ఇస్తున్నాం.

అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత ధరే. కొత్త గీత నచ్చకపోతే పైసలు వాపస్ ఇస్తాను, మొహమాటపడొద్దు. దసరాకు కావాలంటే బతుకమ్మ మొదలవకముందే చెప్పండి. పండుగ రోజుల్లో నకాషీ ఇంటివాళ్లను తొందరపెట్టను.