మా దగ్గర ఎకినేసియా కొన్నవాళ్లు మీ మొక్కను ఒకసారి చూసుకోండి

నమస్తే. ఈ సీజన్‌లో మా నర్సరీ నుంచి ఎకినేసియా, అంటే ఊదా గులాబీ రంగు కోన్‌ఫ్లవర్ మొక్కలు తీసుకెళ్లిన వాళ్లందరికీ ఒక విషయం చెప్పాలి. మా 'మాగ్నస్' రకం మొక్కల్లో ఒక వరుసకు ఆస్టర్ ఎల్లోస్ అనే తెగులు సోకింది. మేము గుర్తించేసరికి ఆ వరుసలోవి కొన్ని అమ్ముడైపోయాయి. ఎవరింటికి ఏ మొక్క వెళ్లిందో మేము రాసి పెట్టుకోలేదు. అందుకే మీ మొక్కను మీరే దగ్గరగా చూడాల్సి వస్తోంది.

మా దగ్గర నీళ్లు పెట్టే అమ్మాయి ఒకరోజు రెండు మూడు పూలు చూపించి, "వీటికి రంగు రావట్లేదండీ" అంది. కోన్‌ఫ్లవర్ రేకులు మొదట ఆకుపచ్చగానే ఉంటాయి, విచ్చుకునే కొద్దీ రంగు ఎక్కుతుంది. ఇవీ అంతేలే అనుకుని వదిలేశాను. పది రోజుల తర్వాత చూస్తే రేకులు అలాగే ఆకుపచ్చగా, మెలికలు తిరిగి ఉన్నాయి. మధ్యలో ఉండే గుబ్బలోంచి చిన్న చిన్న ఆకులు పొడుచుకొచ్చాయి. ఆ పది రోజులూ పక్కనున్న మొక్కలను అమ్ముతూనే ఉన్నాం. తప్పు నాదే. క్షమించండి.

నువ్వు చేలల్లో, వంగ తోటల్లో వచ్చే వెర్రి తెగులు గురించి విన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అదీ ఇదీ ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవుల వల్ల వచ్చేవే. దీపపు పురుగులు, అంటే ఆకుల మీద గెంతే చిన్న రసం పీల్చే పురుగులు (లీఫ్‌హాపర్లు), జబ్బు మొక్క రసం పీల్చి, తర్వాత మంచి మొక్క మీద వాలి దానికి అంటిస్తాయి. ఆ సూక్ష్మజీవి ఒంట్లో చేరిన కొన్ని వారాలకు పురుగు దాన్ని అంటించే స్థితికి వస్తుంది, ఇక బతికున్నంత కాలం అంటిస్తూనే ఉంటుంది. మొక్కలో కూడా లక్షణాలు బయటపడటానికి వారాలు పడుతుంది. మీరు తీసుకెళ్లిన రోజు మొక్క కళకళలాడుతూ ఉండొచ్చు, అయినా జబ్బు అప్పటికే లోపల ఉండి ఉండొచ్చు.

దీనికి మందు లేదు. ఎవరైనా ఏదో స్ప్రే చెబితే డబ్బు పెట్టకండి. పై భాగం కత్తిరించినా లాభం లేదు, తెగులు మొక్క మొదట్లోనూ వేళ్లలోనూ ఉండిపోయి కొత్త చిగుళ్లలోకి వస్తుంది. వేళ్లతో సహా పీకి తోటలోంచి తీసేయాలి. ఊరట ఏమిటంటే ఇది మట్టిలో బతకదు, కాబట్టి అదే చోట ఇంకో మొక్క పెట్టుకోవచ్చు. చుట్టుపక్కల కలుపు మాత్రం తీసేయండి, కొన్ని కలుపు మొక్కల్లో ఇది దాక్కుంటుంది.

అయితే గుబ్బ మీద ఆకుపచ్చ కుచ్చు కనిపించగానే కంగారుపడి మొక్క పీకేయకండి. కంటికి కనిపించనంత చిన్న నల్లులు (మంచాల్లో ఉండేవి కావు, మొక్కలకు పట్టే మైట్లు) పువ్వులో చేరినా ఇలాంటి కుచ్చులే వస్తాయి. నల్లి అయితే తేడా ఆ పువ్వు వరకే ఉంటుంది. ఆకులు, కాడలు, మిగతా పూలు మామూలుగా ఉంటాయి. ఆ పూలు తుంచి చెత్తలో వేస్తే సరిపోతుంది. ఆస్టర్ ఎల్లోస్ అయితే మొక్క మొత్తం చెబుతుంది: ఆకులు పసుపు తిరుగుతాయి, మొక్క గిడసబారుతుంది, పూలు చాలావరకు ఆకుపచ్చగా వికారంగా వస్తాయి. ఇంకో గుర్తు కూడా చెబుతాను. గ్రీకులో ఎకినోస్ అంటే ముళ్లపంది, ఈ మొక్క పేరు దాన్నుంచే వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న గుబ్బను వేలితో తడిమితే గరుగ్గా గుచ్చుకుంటుంది. మెత్తగా ఆకుల్లా తగిలితే అనుమానించాలి.

తేల్చుకోలేకపోతే మొత్తం మొక్క కనిపించేలా ఒకటి, పువ్వు దగ్గరగా ఒకటి, రెండు ఫోటోలు పంపండి. బిల్లు అవసరం లేదు. తెగులు అనిపిస్తే డబ్బు వెనక్కి ఇస్తాం, లేదా కొత్త మొక్కలు సిద్ధమయ్యాక ఒకటి ఇస్తాం. మా దగ్గర ఆ వరుస మొత్తం, దాని పక్క వరుస కూడా పీకేశాం. పక్క వరుసలో కొన్ని బాగానే ఉన్నాయేమో, కానీ అనుమానం ఉన్న మొక్కను అమ్మడం నా వల్ల కాలేదు.

"మొక్క బాగుంది, పూత రాలేదు" అని అడిగినవాళ్లకు ఒక మాట. విత్తనం నుంచి పెంచిన కోన్‌ఫ్లవర్ చాలాసార్లు మొదటి ఏడాది ఆకులు మాత్రమే వేస్తుంది. వేరు స్థిరపడ్డాక రెండో ఏడాది పూస్తుంది. అది తెగులు కాదు, టెన్షన్ పడకండి. రోజుకు కనీసం 6 గంటల ఎండ తగులుతోందా, మొక్క మొదలు దగ్గర నీళ్లు నిలుస్తున్నాయా అన్నది చూడండి. వేరు పట్టుకున్నాక కాస్త ఎండినా తట్టుకుంటుంది కానీ, బురదలో మొదలు కుళ్లిపోతుంది. ఎరువు ఎక్కువైతే కాడలు సాగి పడిపోతాయి. ఎదిగిన మొక్క 60 నుంచి 120 సెంటీమీటర్లు పెరుగుతుంది కాబట్టి మొక్కకూ మొక్కకూ 45 సెంటీమీటర్లకు తగ్గకుండా ఎడం ఉండనివ్వండి. ఇరుకైతే గాలి ఆడక ఆకుల మీద బూడిద తెగులు పడుతుంది.

కొత్త బ్యాచ్ విత్తనాలను తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టాం. నాలుగు వారాలు అలా చలిలో ఉంచితే మొలక సమంగా వస్తుంది. ఈసారి దీపపు పురుగులు వాలకుండా నారు మీద మొదటి రోజు నుంచే సన్న వల కప్పుతున్నాం. ప్రతి ట్రేకు నంబరు వేసి, ఏ ట్రే మొక్క ఎవరు తీసుకెళ్లారో పుస్తకంలో రాస్తాం. ఆ మొక్కలు అమ్మకానికి వచ్చేసరికి వాటికి ఆకులే ఉంటాయి, పూలు ఉండవు. పువ్వు చూసి కొనాలనుకునేవాళ్లు రెండో ఏడాది దాకా ఆగాలి.