రాజీ కాదు, రసీదు కావాలి

సంపాదక మహాశయులకు,

కొత్త విద్యా సంవత్సరం మొదలైతే చాలు, విశాఖలోని కళాశాలల గేట్ల దగ్గర ‘ర్యాగింగ్ నేరం’ అన్న ఫ్లెక్సీలు వెలుస్తాయి. పోలీసులు వచ్చి ఒక పూట అవగాహన సదస్సు పెడతారు. ఆ ఫొటోలు పత్రికల్లోనూ వస్తాయి. ఆ తరువాత ధైర్యం చేసి ఫిర్యాదు ఇచ్చిన విద్యార్థికి ఏమవుతోందన్నది మాత్రం ఎవరికీ పట్టడం లేదు. డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని కనుక, చూసిన మాట చెబుతాను. మన దగ్గర వేధింపుల ఫిర్యాదును ఎవరూ కాదనరు. రాజీ చేసి పంపేస్తారు. అసలు జబ్బు అక్కడే ఉంది.

ఈ మధ్య పాడేరు గిరిజన ప్రాంతం వైపు నుంచి వచ్చి నగరంలో ఒక ప్రైవేటు కళాశాలలో చేరిన అబ్బాయి, తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చాడు. రాత్రి పది దాటాక సీనియర్లు తమ గదికి పిలిచి ప్రాక్టికల్ రికార్డులు రాయించేవారట. ఎడమ పేజీలో పెన్సిలు బొమ్మలు, కుడి పేజీలో ప్రయోగం. ఒక్క గీత వంకర పోయినా పేజీ చింపి మళ్లీ మొదటి నుంచి రాయాలి. తన సొంత రికార్డు మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. అతని మాట తీరును వెక్కిరిస్తూ ఒకడు వీడియో తీసి తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మెస్సులో అతను కూర్చుంటే పక్కవాళ్లు పళ్లేలు తీసుకుని లేచిపోయేవారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు కాబట్టి ఇది ర్యాగింగ్ కిందకు రాదని కళాశాల తేల్చేసింది.

తండ్రి తెల్లకాగితం మీద రాసి ఇచ్చిన అర్జీని ఆఫీసువారు తీసుకుని సొరుగులో పెట్టారు. ముద్ర లేదు, నంబరు లేదు. మర్నాడు రెండు పక్షాలనూ కూర్చోబెట్టి, సీనియర్ల చేత క్షమాపణ చెప్పించి, చేతులు కలిపించారు. ‘పిల్లలన్నాక ఇవన్నీ మామూలేనండీ, కేసంటూ అయితే వాళ్ల భవిష్యత్తు పాడవుతుంది’ అని నచ్చజెప్పారట. ఆ రాత్రి అదే అంతస్తులో, అదే సీనియర్ల పక్క గదిలో ఈ అబ్బాయి పడుకోవాలి. ‘మాకెందుకమ్మా కేసులు, వాడి చదువు సాగితే చాలు’ అని ఆ తండ్రి అంటుంటే నాకు కడుపు రగిలిపోయింది. పాడైపోయే భవిష్యత్తు వేధించినవాళ్లకు మాత్రమే ఉంటుందా?

చట్టం ఈ పెద్దమనుషుల పంచాయితీని ఒప్పుకోదు. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచి అమలులో ఉంది. గేలి చేయడం, అవమానించడం కూడా ఆ చట్టం కింద నేరాలే. ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఫిర్యాదు అందాక చర్య తీసుకోని విద్యాసంస్థ అధిపతిని ఆ నేరానికి తోడ్పడినవాడిగానే పరిగణించాలని కూడా అందులో ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009లో చేసిన నిబంధనల ప్రకారం, నేరం జరిగిందనిపిస్తే ఫిర్యాదు అందిన 24 గంటల్లో పోలీసు కేసు పెట్టించవలసింది కళాశాల అధిపతే. కులం, ప్రాంతం, భాష, రూపం, లింగం, ఆర్థిక స్థితి వంటి కారణాలతో ఒకరిని హింసించడం, వెలివేసినట్టు దూరం పెట్టడం కూడా ర్యాగింగేనని 2016 సవరణలో చేర్చారు. మెస్సులో పళ్లేలు తీసుకుని లేచిపోవడాన్ని ఇంతకన్నా సూటిగా ఎవరు వర్ణించగలరు? గిరిజనుడని నలుగురిలో కించపరిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా వర్తించవచ్చు.

‘అది మా ఆవరణలో జరగలేదు’ అన్న సాకు మరొకటి. శ్రీకాకుళం నుంచి అరకు దాకా ఎక్కడెక్కడి పిల్లలో ఇక్కడికి చదువుకోవడానికి వస్తారు. అందరికీ కళాశాల హాస్టళ్లు చాలవు కనుక మద్దిలపాలెం, మధురవాడ, గాజువాక సందుల్లోని ప్రైవేటు హాస్టళ్లలో చేరతారు. కళాశాల బయట ఉండే వసతిలో జరిగినా, విద్యార్థులు ప్రయాణించే బస్సులో జరిగినా యూజీసీ నిబంధనలు వర్తిస్తాయి. ఆడపిల్లలకు ఎదురయ్యే లైంగిక వేధింపుల మీద విచారణకు ప్రతి కళాశాలలో అంతర్గత కమిటీ ఉండాలి. మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయాలన్న గడువు సంగతి చాలామంది అమ్మాయిలకు తెలియనే తెలియదు. ఒక కళాశాల గోడ మీద రాసి ఉన్న కమిటీ నంబరుకు ఫోను చేస్తే, ఎప్పుడో బదిలీ అయి వెళ్లిపోయిన అధికారి పలికారు. ఆపదలో ఉన్న అమ్మాయి అదే నంబరుకు చేసి ఉంటే?

ఈ విషయంలో విశాఖకు ప్రత్యేకమైన బాధ్యత ఉంది. 2023లో మన నగరంలోని హాస్టల్లో ఒక విద్యార్థిని ప్రాణం పోయిన కేసులోనే, 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. వేధింపులపై గోప్యంగా ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు ఉండాలని, ఫిర్యాదు చేసినవారిపై కక్ష సాధిస్తే ఉపేక్షించరాదని చెప్పింది. వీటి అమలు చూడడానికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ వేయమంది. మన ఊళ్లో జరిగిన మరణం నుంచి వచ్చిన తీర్పు ముందుగా మన ఊళ్లోనే అమలు కావద్దా?

విద్యార్థులకు ఒక మాట. జరిగినది జరిగినట్టు తేదీ, సమయం, పేర్లతో ఏ రోజుకు ఆ రోజు రాసి పెట్టుకోండి. వాట్సాప్ సందేశాలను చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి ఇంట్లో మరొకరికి పంపండి. అర్జీ రెండు ప్రతులు రాసి, రెండోదాని మీద ముద్ర వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి, ఆ పోస్టు రసీదే సాక్ష్యం. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 రాత్రింబవళ్లు పనిచేస్తుంది. అత్యవసరమైతే 112. మనసు మరీ కుంగిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

కలెక్టరు గారిని కోరేది ఒకటే. ప్రతి ఫిర్యాదుకు తేదీ, నంబరు వేసిన రసీదు ఇవ్వడం జిల్లాలోని ప్రతి కళాశాలకూ తప్పనిసరి చేయండి. ఏడాదికి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని పోలీసుల దాకా వెళ్లాయి, ఎన్నింటిని మాటలతో ముగించారు అన్న లెక్కను పేర్లు లేకుండా కళాశాలలవారీగా ప్రకటించండి. ఒక్క ఫిర్యాదూ రాలేదని రాసిచ్చే కళాశాలను అన్నింటికన్నా ముందు తనిఖీ చేయండి.

ఇట్లు
ఒక విశ్రాంత అధ్యాపకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం