దివిటీ టపాసు కాదు

సంపాదకుడికి,

అయ్యా,

దీపావళి దగ్గరపడుతోంది. మా బరంపురంలో మళ్ళీ హెచ్చరికల కాగితాలు గోడలెక్కుతాయి. టపాసుల విషయంలో ఎంత కఠినంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. హరిత టపాసులే కాల్చాలని, అదీ రాత్రి 8 నుంచి 10 గంటల లోపేనని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులోనే చెప్పింది. నా ఫిర్యాదు వేరు. నిరుడు మేముండే అపార్టుమెంటు సంఘం వారు టపాసులకు ఆ రెండు గంటలూ ఇచ్చి, చివర నూనె గుడ్డ చుట్టి వెలిగించే గోగు పుల్లల దివిటీలను మాత్రం పూర్తిగా వద్దన్నారు. గేటు బయట వీధిలోనూ వాటిని నేలకేసి కొట్టనివ్వలేదు. "నిప్పు కదండీ!" అన్నారు. ఆ మాట నాకు సరిగా వినపడలేదు, పక్కనే సీమటపాకాయల దండ పేలుతోంది.

ఉత్తరాంధ్రలోనూ, ఇటు గంజాం తెలుగు ఇళ్ళలోనూ దీపావళి సందెవేళ గోగు పుల్లల చివర పాత పంచె పీలికలు చుట్టి, నూనెలో ముంచి వెలిగించి, పిల్లల చేత వాకిట్లో నేలకేసి కొట్టిస్తారు. "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగుల చవితి" అని పాడిస్తారు. కాలిన పుల్లలను ఒక మూల పడేసి, కాళ్ళు కడుక్కుని, నోరు తీపి చేసుకున్నాకే టపాసులు. చిన్నప్పుడు మాకు ఆ పుల్లలు ఎప్పుడు ఆరిపోతాయా అనే ఉండేది.

ఎందుకు కొడతామో ఎవరూ చెప్పలేదు. పాటలోనూ లేదు; నాలుగు రోజుల్లో రాబోయే చవితి తప్ప అందులో మరేమీ లేదు. నాకు జవాబు దొరికింది ఎదురింటి ఒడియా వారి వాకిట్లో. పడవ ఆకారంలో ముగ్గు పెట్టి, జనపనార కాడల కట్ట వెలిగించి పైకెత్తి, "బడబడుఆ హో, అంధారరె ఆస, ఆలుఅరె జాఅ" అని పిలుస్తారు. పెద్దలారా, చీకట్లో రండి, వెలుగులో వెళ్ళండి అని. మహాలయ పక్షంలో దిగివచ్చిన పితరులు తిరిగి వెళ్ళే రాత్రి ఇదే. సూర్యుడు తులారాశిలో ఉండగా ప్రదోష వేళ దివిటీ పట్టి వారికి దారి చూపమన్న ఉల్కాదానం కూడా ఇదే. మన పాటలోంచి పెద్దలు ఎప్పుడో జారిపోయారు, పుల్ల ఒక్కటే మిగిలింది. ఇప్పుడు దాన్నీ వదిలేయమంటున్నారు.

పండగనాడు మీ పత్రికతో సహా అన్నీ నరకాసుర వధ, రాముడు అయోధ్యకు తిరిగి రావడం వేస్తాయి. వేయండి. (నరకుడి లెక్క చతుర్దశితోనే సరి, అమావాస్య దాకా ఎందుకు లాగుతారని మా నాన్నగారు ఏటా విసుక్కునేవారు.) ఈసారి పక్కన ఈ దివిటీకీ నాలుగు వాక్యాల చోటివ్వండి.

గోగు పుల్లతో ప్రమాదం లేదని నేననను. నూనె గుడ్డ ఊడి పిల్లల కాళ్ళ మీద పడుతుంది. నూలు బట్టలు కట్టుకోవాలి, పక్కన బకెట్టు నీళ్ళు, కనిపెట్టుకుని ఒక పెద్ద మనిషి ఉండాలి. బండ్లు నిలిపే చోట అసలు వద్దు. అంతవరకూ సంఘం వారి భయం న్యాయమే.

కానీ పండగ ముందు అధికారులు ఇచ్చే ప్రకటనలో గోగు పుల్లలు, జనపనార కాడలు టపాసుల కిందికి రావని ఒక్క వాక్యం చేర్చవచ్చు. వాటిని కొట్టుకోవడానికి వీధికొక ఖాళీ జాగా చూపించవచ్చు. పల్లెల నుంచి కట్టలు తెచ్చి అమ్ముకునే ఆడవాళ్ళను టపాసుల దుకాణాలకు దూరంగా, అయినా బజారులోనే కూర్చోనివ్వవచ్చు.

మా సంఘం కాగితం ఈ ఏడు ఇంకా గోడకెక్కలేదు. మా మనవరాలి కోసం ఒక కట్ట ముందే చెప్పి ఉంచాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా