రైల్వే మంత్రి గారికి: బుల్లెట్ రైలుతో పాటు ఒక గీత కూడా

గౌరవనీయులైన రైల్వే మంత్రి గారికి,

నమస్కారం. మొన్న వేసవిలో మా ఆవిడా నేనూ జపాన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లి మూడు వారాలు ఉండి వచ్చాం. వెళ్లొచ్చిన వాళ్లంతా బుల్లెట్ రైలు గురించే చెబుతారు. మేమూ ఎక్కాం. టోక్యో నుంచి ఒసాకా 500 కిలోమీటర్ల పైమాటే, రెండున్నర గంటల్లో దింపేసింది. 1964 నుంచి నడుస్తున్న లైనట అది. టికెట్టు మనిషికి దాదాపు 14 వేల యెన్‌లు. రూపాయల్లో ఎంతో లెక్కేసి, మా ఆవిడకు చెప్పకుండా ఊరుకున్నాను.

నాకు మాత్రం ఆ స్పీడు కంటే ప్లాట్‌ఫారం మీద గీసిన గీతే ఎక్కువ నచ్చింది.

ఏ బోగీ తలుపు ఎక్కడ ఆగుతుందో అక్కడ నేల మీద గుర్తు, నంబరు ఉంటాయి. జనం దాని వెనక వరసగా నిలబడతారు. రైలొచ్చి తలుపు సరిగ్గా అక్కడే తెరుచుకుంటుంది. మొదటిరోజు నమ్మకం కుదరక, పెట్టె పట్టుకుని పరుగుకు సిద్ధంగా ఉన్నాను. "నాన్నా, కదలకు, అదే వస్తుంది" అన్నాడు మా అబ్బాయి. ప్లాట్‌ఫారం, బోగీ నేల ఒకే ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ నా చెయ్యి పట్టుకోకుండా ఎక్కింది.

అన్నీ బాగున్నాయనను. పొద్దున పూట టోక్యో లోకల్ రైళ్లలో ఊపిరాడదు. చెత్తబుట్ట దొరక్క అరటి తొక్క సాయంత్రం దాకా సంచిలో మోశాను. కానీ ఆలస్యమైతే దాచరు. ఆఫీసులో చూపించుకోవడానికి స్టేషన్‌లో చీటీ ఇస్తారు. 2017 నవంబరులో టోక్యో శివార్లలో ఒక రైలు 20 సెకన్లు ముందు కదిలిందని ఆ కంపెనీ క్షమాపణ కూడా చెప్పింది!

ఇక మన సంగతి. మేం ఎక్కే స్టేషన్‌లో రైలు ఆగేది రెండు నిమిషాలు. ఎస్6 ముందుందో వెనకుందో టీ అమ్మే కుర్రాణ్ణి అడగాలి, వాడు చెప్పిందే వేదం. ఒకసారి వాడూ తప్పాడు. సామానుతో నేను, మోకాళ్లతో ఆవిడ, పరిగెత్తి పరిగెత్తి ఎవరి బోగీలోనో ఎక్కి, లోపల్నుంచి నడుచుకుంటూ మా బెర్తుకు చేరాం. పెద్ద స్టేషన్లలో బోగీ నంబర్లు చూపే బోర్డులున్నాయి, కాదనను.

బోగీల వరస మారుతుంటే గీత ఎక్కడ గీయమంటారని మీ అధికారులు అడగొచ్చు. నిజమే, పండగలకు అదనపు బోగీ తగిలిస్తారు, కొన్ని జంక్షన్లలో ఇంజను అటు మారితే వరసే తిరగబడుతుంది. అయితే చార్టు తయారవగానే బోగీ, బెర్తు నంబర్లు ఫోన్‌కు వస్తున్నాయి కదా. మా స్టేషన్‌లో ఆ బోగీ ఇంజను నుంచి ఎన్నోదో అదే మెసేజ్‌లో చేర్చండి. ప్లాట్‌ఫారం పొడవునా ఒకటి, రెండు, మూడు అని రంగుతో అంకెలు వేయించండి. రైలు ఆగే చోటు ఖాయం చేయండి. జపాన్ డ్రైవర్లు సిగ్నల్‌కు వేలు చూపిస్తూ పైకి చదువుతారు. మన లోకో పైలట్లు కూడా అసిస్టెంటుతో సిగ్నల్ రంగు బిగ్గరగా చెప్పుకుంటారు. అంత పద్ధతిగా పనిచేసేవాళ్లకు ఒక గుర్తు దగ్గర ఆపడం కష్టమా?

ముంబయి-అహ్మదాబాద్ మధ్య జపాన్ సాయంతో బుల్లెట్ రైలు లైను వేయిస్తున్నారు, సంతోషం. మేం మాత్రం సంక్రాంతికి మళ్లీ ఆ రెండు నిమిషాల స్టేషన్‌లోనే ఎక్కాలి. టికెట్లు తీసుకున్నాం. ఈసారి బీ2.

ఇట్లు,
ఒక రైలు ప్రయాణికుడు