బొమ్మల పుస్తకాలను చదివి చూశాకే కొనాలి

సంపాదకులకు నమస్కారం.

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలన్న ఆశయంతో 2021లో కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ‘నిపుణ్ భారత్’ మొదలైంది. ఆ ఆశయం మన గోదావరి డెల్టా బడుల్లో నెరవేరాలంటే ఒకటి, రెండు తరగతుల పిల్లల చేతికి ఎలాంటి బొమ్మల పుస్తకాలు ఇస్తున్నామన్నది ముఖ్యం. దాతలు, పూర్వ విద్యార్థులు ముందుకు వచ్చి పుస్తకాలు కొనివ్వడం ఎంతో మెచ్చుకోదగిన విషయం. అయితే అట్ట అందం, ధర చూసి కట్టలకు కట్టలు కొనడమే తప్ప, లోపలి పేజీలు చదివి ఎంచడం అరుదుగా కనిపిస్తోంది.

అన్నిటికన్నా ముందు చూడవలసింది అచ్చు. తెలుగు అక్షరానికి పైన గుడి, ఏత్వం వంటి గుర్తులు, కింద వత్తులు వస్తాయి కనుక, వరుసల మధ్య ఎడం చాలకపోతే పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడికి ఆనుకుని, ఏది ఏ అక్షరానికి చెందిందో కొత్తగా చదవడం నేర్చే బిడ్డకు తెలియదు. పెద్దలకు ఇది చిన్న లోపంగానే తోచవచ్చు గానీ, కూడబలుక్కుని చదివే పిల్లలు అక్కడే ఆగిపోతారు. రంగురంగుల బొమ్మ మీద అక్షరాలు అచ్చువేసిన పుస్తకాలతోనూ ఇదే ఇబ్బంది.

ఇక బొమ్మ విషయం. వాక్యంలో ఉన్నదాన్నే బొమ్మ మళ్లీ చూపితే చాలదు. ‘అమ్మ పిలిచింది’ అన్న రెండు మాటల పక్కన, మంచం కింద నవ్వుతూ దాక్కున్న చిన్నవాడు కనిపిస్తే, తరగతిలో మాటలు వాటంతట అవే పుడతాయి. తర్వాత ఏమైందో తెలుసుకోవాలని పిల్లలు పేజీ తిప్పుతారు. కాలువగట్టు, కొబ్బరితోట, రేవులో పంటు, లంకలకు వెళ్లే పడవ ఉన్న పుస్తకాలు మన పిల్లలకు తప్పక దొరకాలి. మంచుకొండలూ ఎడారులూ వద్దని కాదు, అవీ కావాలి. కానీ అనువాదమైతే వాక్యం మనం మాట్లాడుకునే తెలుగులా ఉందో లేదో పైకి చదివి చూడాలి.

టీచరు చదివి వినిపించే పుస్తకం వేరు, బిడ్డ తనంతట తాను చదువుకునేది వేరు. మొదటిదానిలో కష్టమైన మాటలున్నా ఫరవాలేదు, రెండోదానిలో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలు చాలు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా లభిస్తాయి కాబట్టి, వాటిలో కొన్నిటిని ముందుగా తరగతిలో చదివించి చూస్తే, మన పిల్లలకు ఏ స్థాయి సరిపోతుందో కొనేముందే తెలుస్తుంది.

కొనుగోలుకు ముందు ఒక్కో పుస్తకం నమూనా ప్రతిని మండలంలో చిన్న తరగతులు చెప్పే ఉపాధ్యాయులకు ఇచ్చి, పిల్లల ముందు చదివించి, వారి అభిప్రాయం తీసుకోవాలని విద్యాశాఖ అధికారులను, దాతలను కోరుతున్నాను. మన ప్రాంతపు తేమకు పిన్నులు తుప్పుపట్టి పేజీలు ఊడిపోతాయి కనుక, దారంతో కుట్టిన ప్రతులనే అడిగి తీసుకోవాలని కూడా మనవి.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
అమలాపురం